కంటి నరం బ్లాక్ అయినవాళ్ళకి ఇంకెన్ని ఇంజెక్షన్లు పడతాయి? మీ స్కాన్లు చూసి అంచనా వేసుకోవడం ఎలా

రెటీనా, అంటే కంటి వెనక ఉండే తెర, దానికి వైద్యం చేసే క్లినిక్‌లో ఓసీటీ మిషన్ (వెలుతురుతో రెటీనా పొరల్ని స్కాన్ తీసేది) దగ్గర కూర్చునే పని నాది. గడ్డం స్టాండ్ మీద పెట్టండి, నుదురు ఆనించండి, లోపల కనిపించే గుర్తు కేసే చూడండి, రెప్ప వేయకండి అని రోజంతా చెప్తూనే ఉంటాను. స్కాన్ అయిపోయి కుర్చీలోంచి లేస్తూ జనం అడిగేది కూడా రోజూ ఒకటే, "ఇంకెన్ని ఇంజెక్షన్లు పడతాయండీ?" ఆన్‌లైన్లో మెసేజ్ పెట్టేవాళ్ళు కూడా ఇదే అడుగుతున్నారు. అందుకే ఒక్కచోట వివరంగా రాసేస్తున్నా.

ముందే చెప్పేస్తా, మొదటి రోజు స్కాన్ ఒక్కటి చూసి ఇన్ని ఇంజెక్షన్లు అని నంబర్ చెప్పడం ఎవరివల్లా కాదు. కానీ మూడు నాలుగు నెలల స్కాన్లు వరసగా పక్కపక్కన పెట్టుకుంటే మీ కన్ను తక్కువలో తేలిపోయే రకమా, ఎక్కువకాలం పట్టే రకమా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. ఒక్కో స్కాన్‌లో ఉన్న నంబర్ కంటే రెండు స్కాన్ల మధ్య ఏం జరిగిందన్నదే ముఖ్యం, కింద రాసిందంతా ఆ లెక్కే.

ఇది మీరు డాక్టర్ దగ్గరికి తయారై వెళ్ళడానికి రాస్తున్నా, ఇది చదివి ఇంజెక్షన్ వాయిదా వేసుకోవడానికి మాత్రం కాదు. ఇంట్లో స్కాన్ చూసుకుని "ఆరిపోయింది కదా" అని మానేసి, నాలుగు నెలల తర్వాత వాపుతో తిరిగొచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

అసలు లోపల జరిగేది రెండు ముక్కల్లో

మనం నరం అంటాం గానీ అది రక్తాన్ని వెనక్కి తీసుకెళ్ళే సిర. అది మూసుకుపోతే రక్తం వెనక్కి తన్ని, సన్న నాళాల్లోంచి రక్తం, నీరు కారి, చూపుకి కీలకమైన మాక్యులా, అంటే రెటీనా మధ్యభాగం, వాస్తుంది. రక్తం సరిగ్గా అందని రెటీనా వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంది, దాంతో నాళాలు ఇంకా కారతాయి. ఇంజెక్షన్ ఆ వీఈజీఎఫ్‌ని పట్టేస్తుంది, మందు కొన్ని వారాల్లో అరిగిపోతుంది, ఈలోపు కన్ను పక్కదారి నాళాలు తయారుచేసుకుందా సరే, లేకపోతే నీరు మళ్ళీ వస్తుంది. ఈ మాత్రం తెలిస్తే చాలు.

మీ దగ్గర ఉండాల్సినవి

- మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా తీసిన ఓసీటీ ప్రింట్లన్నీ. రంగు రంగుల మ్యాప్ ఒక్కటే సరిపోదు, రెటీనాని కోసి పక్కనుంచి చూసినట్టు ఉండే నలుపు తెలుపు అడ్డకోత బొమ్మ కూడా ఉండాలి. ప్రింట్ లేకపోతే ఫైల్ రూపంలో అడగండి.
- ఏ తేదీన ఏ కంటికి ఏ మందు వేశారో లిస్టు. మందు పేరు తెలియకపోతే ఆ రోజు ఇచ్చిన కాగితం వెతకండి, దాని మీద ఉంటుంది.
- ప్రతి విజిట్‌లో చూపు ఎంతో, 6/36, 6/18 అని రాసే నంబరు.
- ఫండస్ ఫోటో (కంటి వెనక రెటీనాకి తీసే రంగు ఫోటో) ఉంటే అది, నాళాల్ని చూపించే ఎఫ్‌ఎఫ్‌ఏ గానీ ఓసీటీఏ గానీ తీసుంటే అవి (వీటి సంగతి 6లో రాశాను).
- బీపీ రీడింగులు, షుగర్ రిపోర్టులు.
- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో ఎక్సెల్ వాడేవాళ్ళు అదైనా పర్లేదు.

1. ముందు ఏ నాళం బ్లాక్ అయిందో చూడండి

ఫండస్ ఫోటోలో ఎర్రటి రక్తపు మరకలు ఎక్కడెక్కడ ఉన్నాయో గమనించండి. గుండ్రటి ఫోటో మొత్తం, నాలుగు వైపులా చిమ్మినట్టు ఉంటే అది మెయిన్ సిర బ్లాక్, రిపోర్టులో సీఆర్‌వీఓ అని ఉంటుంది. పై సగమో కింది సగమో మాత్రమే ఉంటే సగం సిర బ్లాక్. ఒక మూల విసనకర్ర ఆకారంలో ఉంటే కొమ్మ సిర బ్లాక్, బీఆర్‌వీఓ. ఇది సాధారణంగా ధమని సిర మీదుగా దాటే చోట, ధమని సిరని నొక్కడంవల్ల వస్తుంది.

మొత్తంమీద కొమ్మ బ్లాక్‌కి మెయిన్ బ్లాక్ కంటే తక్కువ ఇంజెక్షన్లు పడతాయి. కానీ దీన్ని రాతిమీద గీతలా తీసుకోకండి. రానిబిజుమాబ్ (వీఈజీఎఫ్‌ని పట్టే మందుల్లో ఒకటి) వేయించుకున్నవాళ్ళని సుమారు 4 ఏళ్ళు వెంబడించి చూసిన రిటైన్ అనే స్టడీలో, చివరి ఇంజెక్షన్ తర్వాత కనీసం 6 నెలలు నీరు లేకుండా ఉన్నవాళ్ళు కొమ్మ బ్లాక్‌లో 50 శాతం, మెయిన్ బ్లాక్‌లో 44 శాతం. కొమ్మ బ్లాక్ అయినవాళ్ళలో కూడా సగంమందికి 4 ఏళ్ళ తర్వాతా పూర్తిగా తేలలేదు, మెయిన్ బ్లాక్ అయినవాళ్ళలో సగానికి దగ్గర మంది బయటపడ్డారు. కాబట్టి పేరు చూసి భయపడొద్దు, పేరు చూసి ధీమాగానూ ఉండొద్దు.

2. స్కాన్ నమ్మదగినదేనా అని చూడకుండా నంబర్ రాసుకోకండి

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను ఎందుకంటే నేను చూసే పొరపాట్లలో సగం ఇక్కడివే. ప్రింట్ మీద ఈ నాలుగూ చూడండి.

కన్ను: ఓడీ అంటే కుడి, ఓఎస్ అంటే ఎడమ. రెండు కళ్ళ ప్రింట్లు కలిసిపోయి, బాగున్న కంటి నంబర్ చూసి "తగ్గిపోయింది" అని సంతోషపడ్డవాళ్ళు ఉన్నారు.

సిగ్నల్: కొన్ని మిషన్లు 10కి ఇంత అని ఇస్తాయి, వాటిలో 6 కంటే తక్కువ ఉంటే ఆ నంబర్‌ని పెద్దగా నమ్మకండి. వేరే మిషన్లలో స్కేల్ వేరు, అది స్కాన్ తీసినవాళ్ళనే అడగండి. శుక్లం ముదిరినా, కన్ను పొడిబారినా, లోపల రక్తం ఉన్నా సిగ్నల్ పడిపోతుంది. పొడిబారితే రెండు చుక్కలు వేసి మళ్ళీ తీస్తే చాలాసార్లు సరిపోతుంది.

గీతలు: అడ్డకోత బొమ్మ మీద మిషన్ రెండు రంగు గీతలు గీస్తుంది, ఒకటి రెటీనా పైఅంచున, ఒకటి కిందిఅంచున. ఆ గీతలు అంచుల్ని పట్టుకుని వెళ్తున్నాయా, మధ్యలో ఎక్కడైనా నీటి బుడగ మీదికి దూకేశాయా చూడండి. గీత తప్పితే మందం నంబర్ కూడా తప్పే.

సెంటర్: ఆరోగ్యంగా ఉన్న కంటిలో మధ్యలో చిన్న గుంట ఉంటుంది. వాపు ఉన్నప్పుడు ఆ గుంట కనిపించదు, పైగా చూపు తగ్గినవాళ్ళకి లోపలి గుర్తు సరిగ్గా కనపడక కన్ను పక్కకి జరుగుతుంది. అప్పుడు మిషన్ వాపు లేని చోటుని సెంటర్ అనుకుని నంబర్ ఇచ్చేస్తుంది. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకావిడ స్కాన్‌లో ఇదే జరిగింది, నంబర్ ఒక్కసారిగా బాగా తగ్గినట్టు వచ్చింది, ఆవిడ మాత్రం "నాకేం తేడా లేదమ్మా, ఇంకా మసకే" అంటోంది. మళ్ళీ కూర్చోబెట్టి తీస్తే వాపు అలాగే ఉంది. అప్పట్నుంచి పేషెంట్ చెప్పేదీ నంబర్ చెప్పేదీ పొంతన కుదరకపోతే నేను స్కాన్ మళ్ళీ తీస్తా. మీరు కూడా మొహమాటపడకుండా మళ్ళీ తీయమని అడగండి, దానికి రెండు నిమిషాలు పడుతుంది అంతే.

ఇంకోటి, ఎప్పుడూ ఒకే కంపెనీ మిషన్ మీద తీయించుకోండి. ఒక మిషన్ కింది గీతని ఒక పొర దగ్గర గీస్తే ఇంకో మిషన్ దానికి కింద పొర దగ్గర గీస్తుంది, అదే కంటికి అదే రోజు వేరే నంబర్ వస్తుంది. ఊరు మారో డాక్టర్ మారో మిషన్ మారిపోతే ఆ రోజు నుంచి కొత్త పేజీ మొదలుపెట్టండి, పాత నంబర్లతో కలపకండి.

3. సెంటర్ మందం నంబర్‌ని తేదీలతో రాసుకోండి

మ్యాప్ మీద మూడు వలయాలు ఉంటాయి, మధ్యలో ఉన్న చిన్న వలయం అడ్డంగా 1 మిల్లీమీటరు. దాంట్లో ఉండే నంబరే సెంటర్ మందం, మైక్రాన్లలో ఉంటుంది. ఇప్పుడు వాడే మిషన్లలో మామూలు కంటికి సుమారు 250 నుంచి 280 దాకా వస్తుంది, మగవాళ్ళకి కొంచెం ఎక్కువ. మీ బాగున్న కంటి నంబరే మీకు మంచి కొలత, దాన్ని పేజీ పైన రాసుకోండి.

కింద ఇలా వరసలు రాయండి: తేదీ, ఆఖరి ఇంజెక్షన్ వేసి ఎన్ని వారాలైంది, మందం, నీరు ఉందా లేదా, చూపు, బీపీ. ఇందులో "ఎన్ని వారాలైంది" అన్న గడిని ఎవరూ రాయరు, అసలు విషయం మొత్తం దాంట్లోనే ఉంది.

ఊహకి రెండు కళ్ళు తీసుకుందాం. మొదటి కన్ను 580తో మొదలై, ఇంజెక్షన్ వేసిన 4 వారాలకి 290, రెండోది వేశాక 275, మూడోది వేశాక 270. రెండో కన్ను 520తో మొదలై 4 వారాలకి 430, తర్వాత 390, తర్వాత 370. మొదటి రోజు చూస్తే మొదటి కన్నే ఎక్కువ వాచింది, కానీ దారి దానిదే సులువు. మొదటి ఇంజెక్షన్‌కే దాదాపు మామూలుకి దిగిపోయే కన్ను మందుకి బాగా లొంగుతోందని అర్థం. మూడు వేసినా మెట్టు మెట్టుగా దిగుతూ మధ్యలో ఆగిపోయే కన్ను ఎక్కువకాలం అడిగే అవకాశం ఉంది, లేదా మందు మార్చాల్సి రావచ్చు. మొదటి రోజు మందం ఎంతుందో అని కంగారుపడేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, అది మొదలు మాత్రమే, నాలుగో వారం స్కాన్ దానికంటే చాలా ఎక్కువ చెప్తుంది.

జాగ్రత్త: మందంలో 10 శాతం లోపు తేడాని తేడాగా లెక్కపెట్టొద్దు. 300 ఉన్నది 312 అయితే అది కన్ను కొంచెం కదిలినా రావచ్చు. కానీ అడ్డకోత బొమ్మలో కొత్తగా నల్లటి బుడగ కనిపిస్తే మాత్రం నంబర్ పెరగకపోయినా రాసుకోండి.

4. నీరు ఎక్కడుందో చూడండి

అడ్డకోత బొమ్మలో నీరు నల్లగా కనిపిస్తుంది. రెటీనా పొరల మధ్య తేనెపట్టు గదుల్లా నల్లటి బుడగలు ఉంటే అది పొరల్లో నీరు. రెటీనా కింద, అడుగు పొరకీ పైనున్న పొరలకీ మధ్య గుమ్మటంలా నల్లటి ఖాళీ ఉంటే అది కింద చేరిన నీరు. రెండూ కలిసి కూడా ఉంటాయి. నేను చూసినంతలో కింద చేరిన నీరు ముందు ఆరుతుంది, పొరల్లో బుడగలే మొండివి, తిరిగొచ్చేవీ అవే. కాబట్టి "నీరు ఉంది" అని మాత్రమే రాసుకోకుండా ఎక్కడ అని కూడా రాసుకోండి.

5. ఎన్ని ఇంజెక్షన్లు అన్నదీ, చూపు ఎంత వస్తుంది అన్నదీ రెండు వేరు ప్రశ్నలు

ఇవి కలిపేసుకుని బాధపడేవాళ్ళే ఎక్కువ. వాపు మొత్తం ఆరిపోయి, స్కాన్ చక్కగా వచ్చి, డాక్టర్ "బాగుంది" అంటే కూడా పేపర్ చదవలేకపోతున్నాం అంటారు. మందు పనిచేయలేదు, వేస్ట్ అయిపోయింది అనుకుంటారు. కాదు. మందు చేయాల్సిన పని చేసింది, చూపు పొరల దెబ్బ వేరే సంగతి.

దీనికి ఆరిన తర్వాత తీసిన అడ్డకోత బొమ్మలో మూడు చూడండి, కష్టమైతే డాక్టర్‌ని వేలుపెట్టి చూపించమనండి.

రెటీనా అడుగున ఒకదాని మీద ఒకటి తెల్లటి సన్న గీతలు ఉంటాయి. వాటిలో ఎలిప్సాయిడ్ జోన్ అనే గీత, రిపోర్టులో ఈజెడ్ అని రాస్తారు, మధ్యలో తెగకుండా ఉంటే మంచిది. సెంటర్ కింద అది తెగిపోయి ఉంటే వెలుతురుని పట్టుకునే కణాలు దెబ్బతిన్నాయని. వాపు ఉన్నప్పుడు పైనున్న నీరు నీడపడి ఆ గీత కనిపించకపోవచ్చు, కాబట్టి ఆరకముందు దీని మీద తీర్పు చెప్పొద్దు. కొన్ని కళ్ళలో ఆరాక నెలల తరబడి ఆ గీత మెల్లగా తిరిగి కుదురుకుంటుంది కూడా.

రెండోది, లోపలి పొరలు. మామూలుగా ఒక తెలుపు, ఒక నలుపు చారలుగా విడివిడిగా కనిపించాల్సినవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బూడిదరంగు ముద్దలా ఉంటే దాన్ని డ్రిల్ అంటారు. సెంటర్ దగ్గర అది ఎంత పొడవు ఉంటే చూపు తిరిగి రావడం అంత కష్టం.

మూడోది, కొత్తగా బ్లాక్ అయిన కంటిలో మధ్య పొరల్లో తెల్లటి పట్టీ కనిపిస్తే అక్కడ సన్న నాళాలకి రక్తం అందలేదని సూచన.

ఈ మూడూ బాగుండి కూడా ఇంజెక్షన్లు ఎక్కువ పట్టొచ్చు, ఈ మూడూ పాడై ఉండి కూడా నీరు తొందరగా ఆరిపోవచ్చు. నోట్‌బుక్‌లో రెండు పేజీలు పెట్టుకోండి, ఒకటి నీటిది, ఒకటి చూపుది. అప్పుడు డాక్టర్‌ని అడిగే ప్రశ్న కూడా స్పష్టంగా ఉంటుంది.

6. రక్తం అందని చోటు ఎంతుందో తెలుసుకోండి

ఇది ఓసీటీలో సరిగ్గా తెలియదు. చేతి నరంలోకి పసుపు రంగు డై ఎక్కించి వరసగా ఫోటోలు తీసే ఎఫ్‌ఎఫ్‌ఏ కావాలి, వీలైతే అంచులదాకా కనిపించే వైడ్ ఫీల్డ్‌ది. ఫోటోలో నాళాల అల్లిక కనిపించాల్సిన చోట చదునుగా నల్లగా ఖాళీ ఉంటే అక్కడికి రక్తం అందట్లేదు. మెయిన్ సిర బ్లాక్‌లో ఆ ఖాళీ 10 డిస్క్‌లంత వైశాల్యం గానీ ఎక్కువ గానీ ఉంటే ఇస్కీమిక్ రకం అని చాలాకాలంగా లెక్క, డిస్క్ అంటే ఫోటోలో లేతరంగులో గుండ్రంగా కనిపించే చోటు, కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరం మొదలు (బ్లాక్ అయిన సిర కాదు).

ఖాళీ ఎక్కువుంటే వీఈజీఎఫ్ ఎక్కువ తయారవుతుంది, అంటే ఫాలోఅప్ బాగా దగ్గరగా ఉండాలి, కొత్త నాళాలు పుట్టే ప్రమాదం ఉంటుంది, అవసరమైతే లేజర్ కూడా పడుతుంది.

హెచ్చరికలు ఇక్కడ కొన్ని ఉన్నాయి:

- బ్లాక్ అయిన కొత్తల్లో రక్తం మరకలు దట్టంగా ఉంటే అవి డైని కప్పేస్తాయి. ఆ నల్లదనం రక్తం అందనిది కాదు, పైన రక్తం అడ్డొచ్చింది. కొత్తల్లో తీసిన ఎఫ్‌ఎఫ్‌ఏ చూసి తేల్చకండి, మరకలు తగ్గాక మళ్ళీ తీయాల్సి రావచ్చు.
- ఒకసారి బాగుంది అంటే ఎప్పటికీ బాగున్నట్టు కాదు. ఇంజెక్షన్లు రాకముందు కాలంలో మెయిన్ సిర బ్లాక్ అయినవాళ్ళని చూసిన పెద్ద స్టడీలో, మొదట రక్తం బాగానే అందుతున్న కళ్ళలో 34 శాతం 3 ఏళ్ళలో ఇస్కీమిక్‌గా మారాయి. చూపు హఠాత్తుగా పడిపోతే మళ్ళీ ఎఫ్‌ఎఫ్‌ఏ అడగండి.
- డై ఎక్కించాక కాసేపు వికారం రావచ్చు, చర్మం కొంచెం పచ్చగా, మూత్రం ఒకరోజు ముదురు పసుపుగా ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. ఇంతకుముందు డై అలర్జీ వచ్చుంటే, ఆస్తమా ఉంటే, కిడ్నీ సమస్య ఉంటే, గర్భంతో ఉంటే మాత్రం ముందే చెప్పండి.

డై వద్దనుకుంటే ఓసీటీఏ ఉంది, సూది లేకుండా నాళాల అల్లిక చూపిస్తుంది. సెంటర్‌లో నాళాలు లేని చిన్న ఖాళీ అందరికీ ఉంటుంది, అది పెద్దదై అంచులు తెగి ఉంటే చూపు మీద ప్రభావం ఉంటుంది. కానీ చాలా మిషన్లలో ఇది సెంటర్ చుట్టూ కొంచెం మేరే చూపిస్తుంది, అంచుల సంగతి తెలియదు. వాపు ఉన్నప్పుడు తీస్తే నీటి బుడగలు కూడా నాళాలు లేని ఖాళీల్లా కనిపించి మోసం చేస్తాయి, ఆరాక తీయించుకుంటేనే ఉపయోగం.

7. మీ కంటి గడియారం పట్టుకోండి

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే స్టెప్పు ఇదే. ఇంజెక్షన్ వేశాక ఎన్నో వారానికి నీరు తిరిగొస్తోంది? ఆ వారమే మీ గడియారం.

మొదట్లో సాధారణంగా నెలకొకటి చొప్పున ఆరేదాకా వేస్తారు. ఆరాక చాలామంది డాక్టర్లు గ్యాప్ పెంచుకుంటూ పోతారు, 4 వారాల నుంచి 6, తర్వాత 8, ఇలా. మీ పేజీలో "6 వారాలకి పొడిగా ఉంది, 8 వారాలకి బుడగలు వచ్చాయి" అని ఉందనుకోండి, మీ గడియారం 6కీ 8కీ మధ్య. ఇంకో రెండు సార్లు అలాగే వస్తే అది ఖాయమైనట్టే. అప్పుడు లెక్క సింపుల్, ఏడాదికి 52 వారాలు, పొడిగా ఉండే గ్యాప్ 8 వారాలైతే ఏడాదికి ఆరో ఏడో, 12 వారాలైతే నాలుగు. అడుగుతున్న ప్రశ్నకి ఇంతకంటే నిజాయితీగా ఉండే జవాబు నాకు తెలియదు.

గడియారం ఒకేలా ఉండిపోదు. కాలం గడిచేకొద్దీ పక్కదారి నాళాలు ఏర్పడి చాలామందికి గ్యాప్ పెరుగుతుంది. అందుకే 8 వారాల దగ్గర ఏడాది నుంచి పొడిగా నడుస్తుంటే "కొంచెం పెంచి చూద్దామా" అని డాక్టర్‌ని అడగడం తప్పు కాదు. పెంచినప్పుడు మాత్రం స్కాన్ తప్పించకూడదు. మీరే సొంతంగా గ్యాప్ పెంచేసి, చూపు మసకబారాక వెళ్దాంలే అనుకోవద్దు, నీరు వచ్చిన చాలా రోజులకి గానీ చూపులో తెలియకపోవచ్చు, అప్పటికి పొరలు దెబ్బతింటూ ఉంటాయి.

స్టెరాయిడ్ ఇంప్లాంట్ (కంటి లోపల పెట్టే, మెల్లగా మందు వదిలే చిన్న గుళిక) వేయించుకున్నవాళ్ళ గడియారం వేరు. డెక్సామెథాసోన్ ఇంప్లాంట్ ప్రభావం సుమారు రెండు నెలల దగ్గర గరిష్ఠంగా ఉండి 4 నుంచి 6 నెలల్లో తగ్గిపోతుంది. దాన్ని ఇంజెక్షన్ల వరసలో కలిపి లెక్కపెట్టకండి. దాంతో కంటి ప్రెషర్ పెరగొచ్చు, శుక్లం రావచ్చు, గ్లకోమా (కంటి ప్రెషర్‌తో నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

8. ఈ పేజీ తీసుకెళ్ళి డాక్టర్‌ని అడగాల్సినవి

ఫైల్ మొత్తం బల్ల మీద పెట్టి "చూడండి డాక్టర్‌గారూ" అంటే ఎవరికీ టైమ్ ఉండదు. ఒక్క పేజీ ముందుపెట్టి ఇలా అడగండి: నా కన్ను ఎన్ని వారాలకి తడుస్తోంది, మీ లెక్క కూడా ఇదేనా? రక్తం అందని భాగం ఎంతుంది, ఎఫ్‌ఎఫ్‌ఏ మళ్ళీ తీయాలా? మూడు నాలుగు వేశాక కూడా పూర్తిగా ఆరలేదు, ఇదే మందు కొనసాగించాలా, మార్చాలా?

మందు మార్చడం గురించి ఒక మాట. ఖరీదైన మందు అయితేనే కన్ను ఆరుతుందని చాలామంది అనుకుంటారు. మెయిన్ సిర, సగం సిర బ్లాక్ ఉన్న 362 మందితో చేసిన స్కోర్ 2 అనే ట్రయల్‌లో, నెలకొకటి చొప్పున 6 నెలలు వేశాక చూపు విషయంలో చవకైన బెవాసిజుమాబ్ ఖరీదైన ఆఫ్లిబెర్సెప్ట్‌కి తీసిపోలేదు. అన్ని కళ్ళకీ రెండూ ఒకటే అని కాదు, మీ కన్ను ఏ మందుకి ఎలా ఆరుతోందో మీ పేజీలో ఉంటే ఆ నిర్ణయం ఊహ మీద కాక ఆధారం మీద జరుగుతుంది.

ఏఐ ముందే చెప్పేస్తుందట కదా అని కూడా అడుగుతున్నారు. మొదటి విజిట్ల ఓసీటీలు చూసి ఎక్కువ పట్టే కళ్ళని, తక్కువ పట్టే కళ్ళని విడదీసే ప్రోగ్రాముల మీద పరిశోధనలు జరుగుతున్నాయి. ప్రస్తుతానికి మీ చేతిలో ఉన్న నోట్‌బుక్ మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మ్యాప్‌లో ఆకుపచ్చ రంగు వచ్చింది కాబట్టి అంతా బాగుంది అనుకోవడం. ఆ రంగు మందం గురించి మాత్రమే చెప్తుంది, వాపు తగ్గి పొరలు పల్చబడిపోయిన కన్ను కూడా ఆకుపచ్చగా రావచ్చు. నలుపు తెలుపు బొమ్మ చూడకుండా రంగుని నమ్మకండి.

వాట్సాప్‌లో ప్రింట్ ఫోటో పంపి "చెప్పండి" అనడం. ఒక ప్రింట్‌లో ఉండేది ఒకటో రెండో కోతలు, మిషన్‌లో చాలా కోతలు ఉంటాయి. బుడగ పక్క కోతలో ఉండొచ్చు.

ఒకసారి పొడిగా కనిపించగానే నయమైపోయింది అనుకోవడం. నాలుగో వారంలో పొడిగా ఉండటం అంటే మందు పనిచేస్తోందని, జబ్బు పోయిందని కాదు. మందు అరిగిపోయాక కూడా పొడిగా ఉంటేనే దానికి విలువ.

చూపు తగ్గిన ప్రతిసారీ నీరే కారణం అనుకోవడం. శుక్లం పెరగొచ్చు, కన్ను పొడిబారొచ్చు, రెటీనా మీద సన్న పొర ఏర్పడొచ్చు. స్కాన్ పొడిగా ఉండి చూపు తగ్గితే ఇవి చూడమని అడగండి.

బీపీని పక్కన పెట్టేయడం. ఈ జబ్బు వెనక ఎక్కువగా ఉండేది బీపీ, తర్వాత షుగర్, కొలెస్ట్రాల్, మెయిన్ సిర బ్లాక్‌లో అయితే గ్లకోమా కూడా. చిన్న వయసులో వస్తే రక్తం గడ్డకట్టే సమస్యల కోసం కూడా పరీక్షలు చేయిస్తారు.

మీ అంచనా సరైందో కాదో చెక్ చేసుకోవడం

స్కాన్‌కి వెళ్ళే ముందు రోజు రాత్రి నోట్‌బుక్‌లో రాయండి, "రేపటికి 7 వారాలు, పొడిగా ఉంటుంది" అనో "తడి ఉంటుంది" అనో. స్కాన్ అయ్యాక పక్కన టిక్కో ఇంటూనో పెట్టండి. వరసగా మూడు సార్లలో మూడూ సరిపోతే మీ గడియారాన్ని నమ్మొచ్చు. తప్పుతూ ఉంటే గాబరా వద్దు, కారణం వెతకండి: మిషన్ మారిందా, సిగ్నల్ తక్కువా, మందు మారిందా, ఇంజెక్షన్ తేదీ తప్పు రాశారా, ఈమధ్య బీపీ ఎక్కువుందా. ఏదీ కాకపోతే కన్నే మారుతోందని, డాక్టర్‌కి చెప్పండి.

ఇంట్లో కూడా రోజూ పొద్దున ఒక కన్ను మూసి గళ్ళ చార్ట్ చూడండి, దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని. గీతలు కొత్తగా వంగినా, మధ్యలో మసక పెరిగినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. రెండు కళ్ళూ తెరిచి చూస్తే బాగున్న కన్ను అన్నీ సర్దేస్తుంది, ఏమీ తెలియదు.

స్కాన్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు వెళ్ళాల్సినవి

ఇంజెక్షన్ వేసిన కొద్ది రోజుల్లో నొప్పి పెరుగుతూ, కన్ను ఎర్రబడి, చూపు తగ్గుతుంటే లోపల ఇన్‌ఫెక్షన్ కావచ్చు, రాత్రైనా వెళ్ళండి. వేసిన రోజు కొంచెం గరగర, తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చ మామూలే, అవి తగ్గుతూ రావాలి గానీ పెరగకూడదు.

ఇస్కీమిక్ అని చెప్పినవాళ్ళకి కన్ను ఎర్రబడి, నొప్పి, తలనొప్పి వచ్చి, లైట్ల చుట్టూ రంగు వలయాలు కనిపిస్తే కంటి ప్రెషర్ పెరిగిందేమో వెంటనే చూపించుకోండి. నల్లగుడ్డు మీద కొత్త నాళాలు పుట్టి ప్రెషర్ పెరిగే ఈ సమస్యని పాతకాలం నుంచీ వంద రోజుల గ్లకోమా అంటారు, బ్లాక్ అయిన మొదటి మూడు నాలుగు నెలలు మరీ జాగ్రత్త. ఇంజెక్షన్లు ఆ కొత్త నాళాల్ని అణిచి ఉంచుతాయి కాబట్టి ఆపేశాక ఆలస్యంగా కూడా రావచ్చు. ఇంజెక్షన్లు ఆపిన తర్వాత వెళ్ళిన ప్రతిసారీ, పాప పెద్దదయ్యే చుక్కలు వేయకముందే నల్లగుడ్డుని చూడమని అడగండి. చుక్కలు వేశాక ఆ సన్న నాళాలు దొరకడం కష్టం, కాబట్టి చుక్కల సీసా పట్టుకుని సిస్టర్ దగ్గరికి రాగానే చెప్పేయండి.